పరిశ్రమతో కలిసి పరిశోధన – 4వ పాఠం: సభ్య కంపెనీలు వచ్చే ఏడాదీ ఉండాలంటే

గత పాఠంలో విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలో కంపెనీలు ఏటా డబ్బు కట్టి సభ్యులుగా చేరే ఒప్పందం, సభ్యత్వ రుసుము గురించి చూశాం. సంతకాలు అయ్యాయి, మొదటి ఏడాది డబ్బు వచ్చింది. ఇక రెన్యూవల్ తేదీ దగ్గరపడేదాకా కంపెనీలను పలకరించని బృందాలే ఎక్కువ. ఉండాలా మానాలా అన్నది కంపెనీ వాళ్లు అప్పటికే, చివరి సమీక్ష సమావేశంలోనే తేల్చేసుకుని ఉంటారు. అందుకే ఈ పాఠం అంతా ఆ సమావేశం గురించే.

అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1973లో ఎంఐటీలో పాలిమర్ ప్రాసెసింగ్ మీద ఒక ప్రయోగాత్మక కేంద్రానికి డబ్బిచ్చింది. ప్రభుత్వ సాయం ఆగాక అది కంపెనీల సొమ్ముతోనే నడిచింది. దాని అనుభవంతో వచ్చిన పథకమే ఐయూసీఆర్‌సీ, అంటే పరిశ్రమ, విశ్వవిద్యాలయం కలిసి నడిపే పరిశోధన కేంద్రాల పథకం. కంపెనీలన్నీ రుసుమును ఒకే నిధిలో వేస్తాయి. ఏ ప్రాజెక్టులు చేయాలో వాటి సలహా మండలి సిఫార్సు చేస్తుంది, ఫలితాలు అందరూ పంచుకుంటారు. మండలి సాధారణంగా ఏడాదికి రెండుసార్లు సమీక్షకు కూర్చుంటుంది.

మనం అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది 'లైఫ్' (ఎల్ఐఎఫ్ఈ) ఫారం, అంటే ఆసక్తి ఎంతుందో, అభిప్రాయమేమిటో నమోదు చేసే పత్రం. ప్రతి ప్రాజెక్టు ప్రజెంటేషన్ అయ్యాక కంపెనీ ప్రతినిధులు తమ అభిప్రాయం నమోదు చేస్తారు: చాలా ఆసక్తి ఉంది, ఆసక్తి ఉంది, మార్పులు చేస్తే ఆసక్తి, ఆసక్తి లేదు. పక్కన వ్యాఖ్య రాస్తారు. నా లెక్కలో 'మార్పులు చేస్తే' అన్న గడే బంగారం. నచ్చలేదన్నవాళ్లను ఒప్పించడం కష్టం, నచ్చిందన్నవాళ్లతో పని లేదు. మార్పు అడిగినవాళ్లు మాత్రం తమకేం కావాలో చెప్పేశారు. ఆ వ్యాఖ్యలను అదే రోజు అందరి ముందూ చదివి, ప్రొఫెసర్ చేత జవాబు చెప్పించండి. చేయలేనిది ఉంటే కారణంతో సహా చెప్పేయాలి. మొహమాటానికి 'చూద్దాం' అన్నారో, తర్వాతి సమావేశంలో అదే ప్రశ్న ఇంకాస్త కోపంగా వస్తుంది.

స్లైడ్లు చూపించేది విద్యార్థులే కావాలి. కంపెనీలు చేరడానికి ఉద్యోగుల వేట కూడా పెద్ద కారణం, దాన్ని దాచుకోనక్కర్లేదు. అయితే విద్యార్థి థీసిస్‌కు నాలుగైదేళ్లు పడుతుంది, కంపెనీ మూడు నెలలకోసారి లెక్క చూసుకుంటుంది. కాబట్టి ప్రతి ప్రాజెక్టు నుంచి ఆరు నెలలకోసారి వాళ్లు చేతిలోకి తీసుకోగలిగేది ఒకటి ఇవ్వాలి: కొలతల డేటా, సిమ్యులేషన్ కోడ్, కనీసం పరీక్ష పద్ధతి. పేపర్ ఒక్కటే చాలదు.

ఇక అసలు ప్రమాదం. కంపెనీ లోపల మన తరఫున మాట్లాడే ఇంజినీరు ఉంటారు. ఆయన ఉద్యోగం మారితే, పని ఎంత బాగున్నా సభ్యత్వం పోతుంది, ఎందుకంటే కొత్త మేనేజర్‌కు మనం బడ్జెట్‌లో ఒక వరుస మాత్రమే. విరుగుడు సులువే: ప్రతి కంపెనీలో ఇద్దరితో పరిచయం ఉండాలి, ఒకరు పని చూసేవారు, ఇంకొకరు డబ్బు మంజూరు చేసేవారు. సమావేశానికి రానివారికి ఒక పేజీ సారాంశం పంపాలి.

ఈ వారం అభ్యాసం: మీ సభ్య కంపెనీల పట్టిక వేయండి. ప్రతి పేరు ఎదురుగా ఆ ఇద్దరినీ, వాళ్లు చివరిసారి మీ నుంచి తీసుకెళ్లి వాడిన వస్తువునూ రాయండి. ఖాళీ గడులున్న కంపెనీలకు ముందుగా ఫోన్ చేయండి. వచ్చే పాఠంలో పేటెంట్లు, ప్రచురణకు ముందు కంపెనీలకిచ్చే పరిశీలన గడువు.