స్నేక్ ప్లాంట్ ఆకు మెత్తబడితే ఎక్కడ కోయాలి

తిరుపతిలో నవంబరు ముసురుకి బాల్కనీలోని స్నేక్ ప్లాంట్ ఆకులు మూడు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోయాయి. నొక్కితే నీరు, కుళ్లు వాసన. కుండీ అడుగు రంధ్రం పూడుకుపోయి నీళ్లు నిలిచాయి.

ఆకును సగానికి కత్తిరిస్తే లాభం లేదు. కోసిన చోట మళ్లీ పెరగదు, మొండి అలాగే మిగులుతుంది. స్పిరిట్‌తో తుడిచిన చాకుతో మట్టి మట్టానికి కోశాను. మట్టిలోని దుంపను మాత్రం గోధుమరంగు పోయి తెల్లటి కండ కనిపించేదాకా చెక్కాలి. ఇక్కడ మొహమాటపడితే కుళ్లు మళ్లీ పాకుతుంది. ఒకరోజు నీడలో ఆరబెట్టి, ఎర్రమట్టి, ముతక ఇసుక సమపాళ్లలో కలిపి నాటాను. వారం దాకా నీళ్లు పోయలేదు.

కోసిన ఆకు పైభాగం గట్టిగా ఉంటే పారేయొద్దు. 4 అంగుళాల ముక్కలు చేసి, 2-3 రోజులు ఆరనిచ్చి, అంగుళం లోతు ఇసుకలో గుచ్చితే చాలు. తలకిందులుగా పెడితే వేరు రాదు, అందుకే కింది అంచును ఏటవాలుగా కోసి గుర్తు పెట్టుకుంటాను. పసుపు అంచు రకానికి ఇదో చిక్కు: ముక్కల నుంచి వచ్చే పిలకలు ఆ అంచు లేకుండా ఆకుపచ్చగానే ఉంటాయి. అంచు కావాలంటే దుంపతో సహా పిలకను విడదీయాల్సిందే. కోసిన చెత్త పిల్లికి, కుక్కకు అందనివ్వకండి, తింటే వాంతులవుతాయి.