మహిళల క్రీడల్లో ట్రాన్స్‌జెండర్ క్రీడాకారిణులు: వాదనకు ముందు చూసుకోవలసినవి

మీరు మాట్లాడుతున్నది ట్రాన్స్‌జెండర్ మహిళ గురించా, లేక శరీరంలో సహజంగానే టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ ఎక్కువగా ఉన్న మహిళ గురించా అన్నది ముందుగా తేల్చుకోండి. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ది రెండో కోవ. మహిళా క్రీడాకారిణుల టెస్టోస్టెరాన్‌కు పరిమితి పెట్టిన నిబంధన కింద 2014లో ఆమెను కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించగా, 2015లో అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిబంధన అమలును నిలిపివేసింది. ఆమెను ట్రాన్స్‌జెండర్ అని రాయడం ఆమెకు చేసే అన్యాయమే.

తర్వాత ఏ క్రీడ, ఏ ఏడాది నిబంధన అన్నది చూడండి. 2022 మార్చిలో అమెరికా విశ్వవిద్యాలయాల పోటీల్లో ట్రాన్స్‌జెండర్ మహిళ లియా థామస్ మహిళల 500 గజాల ఈతలో గెలిచారు. జూన్‌లో ప్రపంచ ఈత సమాఖ్య, పురుష యౌవనదశ దాటినవారికి మహిళల విభాగంలో ప్రవేశం లేదంది. 2023లో అథ్లెటిక్స్ సమాఖ్య కూడా అదే బాట పట్టింది.

శరీరం గురించి రాసేటప్పుడు, టెస్టోస్టెరాన్‌ను తగ్గించే హార్మోన్ చికిత్సతో రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే తగ్గుతుందనీ, పెరిగిన ఎత్తు మాత్రం తగ్గదనీ రెండూ చెప్పండి.