ఇంజిన్ మీద మీరే చెయ్యి వేసే ముందు

సొంతంగా ఇంజిన్‌లో ఏదైనా మార్చాలనుకుంటే ముందు ఒక్కటి తేల్చుకోండి: పని సగంలో ఆగిపోతే, పాత పార్టులే పెట్టి బండిని మళ్లీ స్టార్ట్ చేయగలరా? చేయగలిగితే దిగండి. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ ఈ కోవలోకి వస్తాయి. అయితే ప్లగ్గుల పని ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పెట్టుకోండి, కొత్త ప్లగ్‌ని మొదట చేత్తోనే మర పట్టించి, చివర్లో మాన్యువల్‌లో ఇచ్చిన కొలత వరకే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగిస్తున్నామో కొలిచే పానా) బిగించాలి, ఎందుకంటే చాలా కార్లలో హెడ్, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం, అల్యూమినియంది, మర చెడితే హెడ్ విప్పేదాకా పోవచ్చు. ఆ రెంచ్ లేదా? సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్ల షాపులకి వెళ్లి కొనుక్కున్నాకే మొదలుపెట్టండి.

టైమింగ్ బెల్టు, క్యామ్‌షాఫ్ట్, హెడ్ గాస్కెట్ అంటే మాత్రం నేను వద్దనే అంటాను. చాలా ఇంజిన్లలో టైమింగ్ (వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి వేళ తప్పకుండా కదలడం) బెల్టు మీద కొన్ని పళ్లు తప్పినా వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి. కంప్రెషన్ పెంచుదామని హెడ్‌ని అతిగా ఫేసింగ్ చేయిస్తే, అంటే దాని అడుగు అరగదీయిస్తే, మే నెల ఎండలో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో, మామూలు పెట్రోల్‌తో నాకింగ్, అంటే పెట్రోల్ అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం, మొదలవుతుంది.

మన ఊళ్లో కుర్రాళ్లకి బాగా మోజున్న కోల్డ్ ఎయిర్ ఇంటేక్ (ఇంజిన్‌కి బయటి చల్ల గాలి అందించే గొట్టం కిట్) సంగతి వేరు. బిగించడం తేలికే, కానీ కొన్ని కిట్లలో గాలి పీల్చే మూతి బంపర్ వెనక కిందకి వస్తుంది, వానాకాలం మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిచినప్పుడు అదే మూతి నీళ్లు పీల్చిందంటే సిలిండర్‌లో నీళ్లు అణగవు కాబట్టి పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. మామూలు పాలసీలు ఈ నష్టానికి సాధారణంగా డబ్బివ్వవు, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి. మీరు వెళ్లే దారిలో నీళ్లు నిలుస్తాయంటే ఆ కిట్ జోలికి పోకండి, ప్లీజ్.

చట్టం కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయడం, ఇంజిన్ మార్చడం లాంటివి చూసీచూడనట్టు చేసే పనులు కావు. సీఎన్‌జీ కిట్ అయితే ఆమోదం ఉన్న సెంటర్‌లోనే పెట్టించి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

వారంటీ ఇంకా ఉందా? అయితే పార్టు కొనకముందే సర్వీస్ సెంటర్‌కీ, ఇన్సూరెన్స్ వాళ్లకీ మెయిల్ పెట్టి జవాబు రాతలో తెప్పించుకోండి. కౌంటర్ దగ్గర ఎవరో "ఏం కాదు సార్" అన్న మాట క్లెయిమ్ రోజున చెల్లదు.