స్కైరిమ్‌లో క్విక్‌సేవ్‌ను నమ్ముకోవద్దు

మన కడపలో ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి, స్కైరిమ్ లాంటి ఓపెన్ వరల్డ్ (ఎక్కడికైనా తిరగగలిగే) కంప్యూటర్ గేమ్‌లు ఆడే పిల్లోళ్లకు ఒక మాట. క్విక్‌సేవ్, అంటే ఎఫ్5 మీట నొక్కి ఆటను అక్కడికక్కడ దాచుకునేది, ఒక్కటే పెట్టుకొని ఆడొద్దండి. అది పాత ఫైలు మీదే మళ్లీ రాస్తుంది, అప్పుడే కరెంటు పోతే ఉన్నది కూడా పోవచ్చు. క్వెస్టులో (ఆట మనకిచ్చే పనిలో) మాట్లాడాల్సిన మనిషి గోడలో ఇరుక్కున్నాక ఎఫ్5 నొక్కినారంటే, ఆ బగ్గు కూడా సేవ్ అయిపోయినట్టే. పెద్ద క్వెస్టు మొదలుపెట్టే ముందు మెనూలోకి పోయి కొత్త స్లాట్‌లో సేవ్ చేయండి. పాతవి అయిదారు అట్లే ఉండనీండి.

డ్రాగన్ దగ్గర ఊరికే చస్తా ఉంటే డిఫికల్టీ తగ్గించుకోండి, నామోషీ ఏం లేదు. అన్నిటికన్నా కష్టమైన లెజెండరీ స్థాయిలో మీరు కొట్టే దెబ్బ పావు వంతే తగుల్తుంది, మీకు తగిలేది మూడింతలు. దానివల్ల శత్రువుకు తెలివేం పెరగదు, చావడానికి టైం పడుతుందంతే. మన బాణాలు మాత్రం అయిపోతాయి! ఆట మధ్యలోనే అడెప్ట్ అనే మామూలు స్థాయికి మార్చుకుంటే రెండు వైపులా దెబ్బ మామూలే. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ అనే గేమ్‌లో అయితే ఈ డిఫికల్టీ సెట్టింగే లేదు. బాసును (పెద్ద శత్రువును) వదిలేసి వేరే దిక్కు తిరిగి, వైగర్ (మన ప్రాణబలం) పెంచుకొని మళ్లీ రావాల్సిందే.