తొలకరికి ముందే: ఇంటి తోటలో తంగేడు, గునుగు కలిపేటప్పుడు జాగ్రత్తలు

బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగులను తోటలో పెంచాలంటే మృగశిర కార్తె లోపే ఏ మొక్క ఎక్కడో తేల్చుకోండి. నల్గొండ, పాలమూరు ఎర్రనేలల్లో నాలుగు చినుకులు పడితే గునుగు వారంలో మొలిచేస్తుంది, తర్వాత సర్దడం కష్టం.

ముందు నీళ్ల సంగతి. తడి నిలిస్తే తంగేడు వేరు కుళ్లుతుంది. మల్లె, గులాబీలకేమో ఎండల్లో తరచూ తడి కావాలి. అందుకే రెంటినీ ఒకే డ్రిప్ పైపు మీద పెట్టొద్దు. తంగేడుకు తోటలో ఎత్తుగా ఉన్న అంచు చూసి, 4-5 అడుగుల ఎడం ఇవ్వండి. చెలక గట్టు మీది పెద్ద మొక్కను తవ్వి తెస్తే తల్లివేరు తెగి చాలావరకు చచ్చిపోతుంది. గింజే మేలు. పెంకు గట్టిది కాబట్టి మరిగించి దించిన నీళ్లలో రాత్రంతా నానేసి, ఉబ్బినవాటినే అర అంగుళం లోతున నాటండి. ఇవి ఈ బతుకమ్మకే పూస్తాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఆకుల మీద పచ్చ పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి, అవే రేపటి లేతపసుపు సీతాకోకచిలుకలు.

గునుగు గింజ నల్లగా మెరుస్తూ ఆవగింజ కన్నా సన్నగా ఉంటుంది. చెంచాడు గింజను పది చెంచాల ఇసుకలో కలిపి చల్లి, అరచేత్తో అదిమితే చాలు. మట్టి మందంగా కప్పితే మొలవదు. మొలక అచ్చం తోటకూరలా ఉంటుంది, కలుపు తీసేవాళ్లు పీకేస్తారు. వరుస చివర పుల్ల గుచ్చండి. జానెడుకొకటి ఉంచి మిగతా లేతవి కూర వండుకోవచ్చు. ఎరువు ఎక్కువైతే ఏపుగా పెరిగి గాలివానకు ఒరిగిపోతుంది.

టమాట, వంగ, బెండ పక్కన గునుగు వేయొద్దు. వేరుబుడిపె నులిపురుగులు వీటన్నిటి వేర్లలోనూ పెరుగుతాయి. మొక్క మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటుంటే ఒకటి పీకి చూడండి. వేరు మీద పూసలు గుచ్చినట్టు ఉబ్బులుంటే అదే తెగులు. అప్పుడు ఆ మడి నిండా ఒక పంటకాలం బంతి ఒత్తుగా వేయాలి, అంచున నాలుగు మొక్కలు పెడితే సరిపోదు.

పిల్లలున్న ఇంట్లో అడవినాభి (విషపు దుంప ఉండే తీగ), ఉమ్మెత్త అసలే వద్దు. నాభి దుంపను తినే దుంప అనుకుంటే ప్రాణానికే ముప్పు. వయ్యారిభామ (పార్థీనియం కలుపు) లేతప్పుడు చామంతి నారులా కనిపిస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడే గ్లౌజులు వేసుకుని, పూతకు ముందే వేరుతో సహా పీకండి.

బతుకమ్మ అయ్యాక మిగిలిన గునుగు కంకులు గింజ రాలకముందే కోసేయండి, లేకుంటే వచ్చే వానలకు తోటంతా అదే. విత్తనానికి రెండు కంకులు కాగితం సంచిలో ఆరబెట్టుకుంటే చాలు.