డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో ప్రొబేషన్ ఎలా అడగాలి: విశాఖవాసులకు దరఖాస్తు విధానం

బీచ్ రోడ్డులోనో మద్దిలపాలెం దగ్గరో రాత్రి తనిఖీలో తాగి నడుపుతూ దొరికినవాళ్లు చాలామంది దీన్నీ హెల్మెట్ చలానాతో జమకట్టేస్తారు. ఫోన్లో డబ్బు కట్టేస్తే పోయే కేసు కాదిది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ రాజీకి వీలున్న నేరాల్లో లేదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాలు తేలితే చాలు. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఊపిరి పరీక్ష యంత్రంలో ఊదనని మొండికేసినా లాభం లేదు. సరైన కారణం లేకుంటే ఆ నిరాకరణే మీ మీద సాక్ష్యానికి బలమవుతుంది. ఆ పరీక్ష స్లిప్పు చేతికొచ్చినప్పుడు పేరు, బండి నంబరు, టైము, రీడింగు సరిచూసుకుని ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. కోర్టులో పేరు పిలుస్తారు, తప్పు ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు, తల ఊపగానే జరిమానా చెబుతారు. ఇదంతా నిమిషాల మీద అయిపోతుంది. పదివేలు కట్టి ఊపిరి పీల్చుకున్న మనిషికి శిక్ష పడిన రికార్డు మిగిలిపోతుంది. రేపు స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో ఉద్యోగం వచ్చి, ధ్రువీకరణ ఫారంలో 'ఎప్పుడైనా శిక్ష పడిందా' అన్న గడి కనిపించినప్పుడు గానీ అది గుర్తుకురాదు. అందుకే ప్రొబేషన్ మాట, అంటే శిక్ష వేయకుండా మందలించో, బుద్ధిగా ఉంటానని బాండ్ రాయించుకునో వదిలేయమని అడగడం, శిక్ష చెప్పకముందే ఎత్తాలి. నేరం ఒప్పుకున్నాక అప్పీలుకు దారి బాగా ఇరుకు.

దీనికి మీసేవలో దొరికే ఫారమేమీ లేదు. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం కింద మీ లాయరు వేసే పిటిషనే దరఖాస్తు. 3వ సెక్షన్ కింద మందలించి వదిలేయమని అడగవచ్చు, దానికి ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడి ఉండకూడదు. 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండ్ మీద వదలమని అడగవచ్చు. ఆ బాండ్ గడువు మూడేళ్లు దాటదు, పూచీదారు కావాలో వద్దో కోర్టే చెబుతుంది. పాత శిక్షలేవీ లేవని అఫిడవిట్, ఆధార్, పనిచేసే చోటు నుంచి లెటరు, ఇంటి అద్దె పత్రమో కరెంటు బిల్లో జత చేయండి. ఈ చివరి రెండూ అలంకారానికి కాదు. మీకు గానీ పూచీదారుకు గానీ ఆ కోర్టు పరిధిలో స్థిర నివాసమో, నిలకడైన పనో ఉందని జడ్జికి నమ్మకం కుదరాలి. శ్రీకాకుళం నుంచి వచ్చి గాజువాకలో గది తీసుకుని ఉంటున్నవాళ్లకు చిక్కంతా ఇక్కడే, స్థానిక పూచీదారును ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ప్రొబేషన్ అధికారి నివేదిక వస్తే కోర్టు దాన్నీ చూస్తుంది. ఆయన ఇంటికొచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చెబుతారన్నది చిన్న విషయం కాదు. 21 ఏళ్లలోపువారిని జైలుకు పంపాలంటే ఆ నివేదిక తెప్పించుకోవాల్సిందే.

ప్రొబేషన్ మంజూరైతే అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం శిక్ష వల్ల వచ్చే అనర్హతలు మీకు అంటవు. అలాగని ఫారంలో అబద్ధం రాయకండి, దాచడమే వేరే తప్పవుతుంది. బాండ్ షరతు తప్పితే కోర్టు మళ్లీ పిలిచి పాత నేరానికే శిక్ష వేయగలదు. ప్రొబేషన్ హక్కు కాదు, జడ్జి విచక్షణ. ప్రమాదంలో ప్రాణం పోయిన కేసుల్లో ఆశ పెట్టుకోవద్దు. నిర్లక్ష్యంగా నడిపి చావుకు కారకులైన డ్రైవర్లకు ఈ ఉదారత తగదని సుప్రీంకోర్టు 2000లో దల్బీర్ సింగ్ కేసులో తేల్చేసింది. అన్నట్టు, 2023లో ఇక్కడ మందు తాగి నడిపినవాళ్ల చేత కోర్టు ఆర్కే బీచ్ శుభ్రం చేయించింది. అది మనం అడిగి తెచ్చుకునే ప్రొబేషన్ కాదు, రెంటినీ కలిపేయకండి.

లైసెన్సు కథ వేరు. పోలీసులు దాన్ని తీసుకుని రవాణా శాఖకు పంపిస్తారు. నోటీసు వస్తే ఊరుకోకుండా రాతపూర్వకంగా జవాబివ్వండి, మీ వాదన వినకుండా రద్దు చేయకూడదు. మొదటి నేరానికి మూడు నెలల అనర్హత, రెండోసారి అయితే లైసెన్సే రద్దు. రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే కార్డు తిరిగిస్తారు. ఆటో, లారీ నడిపి బతికేవాళ్లకు జరిమానా కన్నా ఈ మూడు నెలలే బరువు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. లాయరు ఫీజు భరించలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితం. ఫోన్ నంబరు 15100.