కీబోర్డ్ లేని ట్యాబ్‌లో బొమ్మ ముందుకు సాగకపోతే: సమస్య - పరిష్కారం

కంప్యూటర్ మీద బొమ్మలు వేసేవాళ్ల కుడి చేతిలో పెన్ను ఉంటే, ఎడమ చెయ్యి కీబోర్డ్ మీద ఉంటుంది. గీత వెనక్కి తీసుకోవాలన్నా, రంగు ఎత్తుకోవాలన్నా, బ్రష్ పెంచాలన్నా ఆ ఎడమ చెయ్యే చూసుకుంటుంది. పెద్ద పెయింటింగ్ యాప్‌లు చాలావరకు ఈ అలవాటును నమ్ముకునే తయారయ్యాయి. అదే యాప్ ట్యాబ్‌లోకి వచ్చేసరికి ఎడమ చేతికి పని లేకుండా పోతుంది. ధర్మవరం చీరల అంచులకు డిజైన్లు గీసేవాళ్లయినా, నిమ్మలకుంట తోలుబొమ్మల పద్ధతిలో బొమ్మలు వేసే పిల్లలైనా, అనంతపురంలో చదువుకుంటూ సరదాగా గీసేవాళ్లయినా ఇక్కడే ఇబ్బంది పడతారు. "నా చెయ్యే బాగాలేదు" అనుకుని మానేసేవాళ్లు కూడా ఉన్నారు. చెయ్యి బాగానే ఉంటుంది. లేనిది కీబోర్డ్ మాత్రమే.

అందుకే ఏ చిక్కు వచ్చినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పనికి కంప్యూటర్‌లో ఏ కీ నొక్కుతారు? ఆ కీ చేసే పని తెరమీద కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుంటే సమస్య చాలావరకు తీరినట్టే. కింద చెప్పినవాటిలో ఎక్కువ క్రిటా అనే పెయింటింగ్ యాప్ గురించి. అది ఉచితం, 2020 నుంచి ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకు దొరుకుతోంది, పైగా కీబోర్డ్ లేని లోటు బాగా తెలిసేది అందులోనే. అవసరమైన చోట ప్రొక్రియేట్ (ఇది ఐప్యాడ్‌ది), ఐబిస్ పెయింట్, క్లిప్ స్టూడియో అనే ఇతర పెయింటింగ్ యాప్‌ల సంగతి కూడా చెబుతాను.

"బ్రష్ పడటం లేదు"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. నిన్నటిదాకా బాగా పడిన బ్రష్ ఈరోజు ఎంత గీసినా కనపడదు. యాప్ తీసేసి మళ్లీ ఎక్కించాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

మొదటి అనుమానం రబ్బరు మీద పెట్టుకోండి. క్రిటాలో ఇ కీ నొక్కితే ఏ బ్రష్ అయినా రబ్బరుగా మారుతుంది, మళ్లీ నొక్కితే మామూలవుతుంది. కీబోర్డ్ లేదు కాబట్టి పైన టూల్‌బార్‌లో ఉన్న రబ్బరు గుర్తే ఆ పని చేస్తుంది. అరచెయ్యి దానికి తగిలినా అది ఆన్ అయిపోతుంది. తోలుబొమ్మల పద్ధతిలో గీసేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. తోలుబొమ్మ నగలలో వెలుగు రావాలని తోలుకు ఉలితో చిన్నచిన్న రంధ్రాలు కొడతారు కదా, తెరమీద ఆ చుక్కలు రావాలంటే రబ్బరుతో చెరపడమే సులువు. వంద చుక్కలు చెరిపాక రబ్బరు ఆపడం ఎవరైనా మర్చిపోతారు. టూల్‌బార్‌లోని ఆ రబ్బరు గుర్తును ఒకసారి తట్టి చూడండి.

రబ్బరు కాదంటే, ఎక్కడో సెలెక్షన్ మిగిలిపోయి ఉంటుంది. బొమ్మలో ఒక మూల చిన్న ముక్కను ఎంచుకుని వదిలేస్తే, ఆ ముక్క బయట ఏ బ్రష్షూ పడదు. బాగా జూమ్ చేసి గీస్తున్నప్పుడు ఆ చుక్కల గీత కంటికి కనపడదు. కంప్యూటర్‌లో దీన్ని వదిలించడానికి మూడు కీలు కలిపి నొక్కుతారు. ట్యాబ్‌లో సెలెక్ట్ మెనూ తెరిచి డీసెలెక్ట్ తట్టాలి.

అది కూడా కాకపోతే లేయర్ల (బొమ్మలో ఒకదానిమీద ఒకటి ఉండే పొరల) పట్టీ చూడండి. లేయర్‌కు తాళం పడి ఉండొచ్చు, కన్ను గుర్తు ఆరిపోయి ఉండొచ్చు, ఆల్ఫా లాక్ ఆన్ అయి ఉండొచ్చు. ఆల్ఫా లాక్ ఉంటే అంతకుముందు రంగు ఉన్న చోటే కొత్త రంగు పడుతుంది, ఖాళీ చోట పడదు. లేయర్‌కు బదులు గ్రూప్‌ను (కొన్ని లేయర్ల కట్టను) ఎంచుకుని గీస్తున్నా ఇంతే. చివరగా బ్రష్ ఒపాసిటీ (రంగు ఎంత చిక్కగా పడాలో చెప్పే అంకె) సున్నాకు జారిందేమో చూడండి. వేలు జారితే ఆ స్లైడర్ చాలా తేలిగ్గా కదులుతుంది.

"బొమ్మ తెరంతా పరుచుకుంది", "బొమ్మ తిరగబడింది", "మెనూలన్నీ మాయమయ్యాయి"

ఈ మూడూ ఒకే జాతి. ఒక్కోదానికి కంప్యూటర్‌లో ఒక్క కీ ఉంది, అది నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. ట్యాబ్‌లో పొరపాటున వచ్చినదాన్ని పోగొట్టే దారి తెలియకే కంగారు.

బొమ్మ అన్ని వైపులా మళ్లీ మళ్లీ కనపడుతోందంటే ర్యాప్ అరౌండ్ మోడ్ ఆన్ అయింది. కీబోర్డ్‌లో అది డబ్ల్యూ కీ, ట్యాబ్‌లో వ్యూ మెనూలో ఉంటుంది. దాన్ని ఆపేయడం నేర్చుకున్నాక వాడటం కూడా నేర్చుకోండి. చీర అంచు గీసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సౌకర్యం ఇంకోటి లేదు. ఒక్క హంసనో, ఒక్క మామిడి పిందెనో గీస్తే అది పక్కపక్కన ఎలా కలుస్తుందో అక్కడికక్కడే తెలుస్తుంది. అతుకు ఎక్కడ తేలుతోందో చూసి అక్కడే సరిచేయొచ్చు. అంచు మొత్తం గీసి, చివర్లో అతుకు కలవక మొదటికి రావాల్సిన పని ఉండదు.

బొమ్మ కుడి ఎడమలు మారితే అద్దం చూపు ఆన్ అయినట్టు. అది కేవలం చూపే, బొమ్మ మారలేదు. మెనూలన్నీ పోయి కాన్వాస్ ఒక్కటే మిగిలితే, కంప్యూటర్‌లో ట్యాబ్ కీ నొక్కినప్పుడు వచ్చే కాన్వాస్ ఓన్లీ మోడ్‌లో ఉన్నారు. ఈ రెండింటికీ మందు పాపప్ ప్యాలెట్. పెన్ను పక్కనున్న బటన్ నొక్కి పట్టుకుని తెరను తాకితే గుండ్రటి పళ్లెం తెరుచుకుంటుంది. అందులో మీకిష్టమైన బ్రష్‌లు, రంగుల చక్రం, ఈమధ్య వాడిన రంగులు ఉంటాయి. అద్దం చూపుకూ, కాన్వాస్ ఓన్లీకీ బటన్లు కూడా అందులోనే ఉంటాయి. కీబోర్డ్ లేనివాళ్లు క్రిటాలో నేర్చుకోవాల్సిన మొట్టమొదటి సంగతి ఇదే అని నా అభిప్రాయం. చాలామంది దీని జోలికే పోకుండా ప్రతి బ్రష్ కోసం తెర పక్కకు పోయి వెతుకుతుంటారు.

శామ్‌సంగ్ ట్యాబ్ అయితే ఎస్ పెన్ బటన్ నొక్కగానే పాపప్ ప్యాలెట్‌కు బదులు ఎయిర్ కమాండ్ తెరుచుకోవచ్చు. అది ట్యాబ్ సొంత మెనూ. ట్యాబ్ సెట్టింగ్స్‌లో ఎస్ పెన్ దగ్గరికి వెళ్లి, బటన్‌తో ఎయిర్ కమాండ్ తెరుచుకోకుండా చేస్తే పాపప్‌కు దారి వదులుతుంది.

"చెయ్యి ఆనిస్తే గీతలు పడుతున్నాయి"

వేలికీ పెన్నుకూ యాప్ తేడా చూడటం లేదన్నమాట. క్రిటాలో సెట్టింగ్స్ మెనూ నుంచి కాన్ఫిగర్ క్రిటా, అందులో జనరల్, అక్కడ టూల్స్ భాగంలో టచ్ పెయింటింగ్ అని ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఇక పెన్ను గీస్తుంది, వేళ్లు కాన్వాస్‌ను కదుపుతాయి. ప్రొక్రియేట్‌లో రెంచి గుర్తు కింద ప్రిఫ్స్‌లో జెస్చర్ కంట్రోల్స్ చూడండి.

ఇది చేసినా గీతలు ఆగకపోతే మీ పెన్ను సంగతి చూడాలి. రబ్బరు మొన ఉన్న చవక పెన్ను తెరకు వేలిలాగే కనపడుతుంది, కాబట్టి అరచేతికీ దానికీ తేడా ఏ యాప్‌కూ తెలియదు. పరీక్ష చాలా తేలిక. పెన్ను మొనను తెరకు కాస్త పైన, తాకకుండా కదపండి. కింద చిన్న చుక్కో వృత్తమో వెంట కదిలితే అది అసలైన స్టైలస్. ఏమీ కనపడకపోతే, ఐప్యాడ్ కాని ట్యాబ్‌లలో, చాలావరకు అది వేలికి బదులు మాత్రమే. అలాంటి పెన్నుతో ఎంత నొక్కినా గీత లావు కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలలో ఉన్నట్టు ఒకచోట పలచగా మొదలై ఒంపు దగ్గర బలంగా సాగే నల్లటి గీత కావాలంటే నొక్కుడు తెలిసే పెన్ను ఉండాల్సిందే. కొనేటప్పుడు జాగ్రత్త: ఆపిల్ పెన్సిళ్లలో కూడా యూఎస్‌బీ సీ రకానికి నొక్కుడు తెలియదు.

వేసవిలో ఇంకో కారణం తోడవుతుంది. మా అనంతపురం ఉక్కలో అరచేతి చెమట తెరకు అంటుకుంటుంది, తడి తెర లేని స్పర్శను కూడా ఉన్నట్టు చదువుతుంది. చూపుడువేలు, బొటనవేలు మాత్రం బయటుండేలా చేతికి పాత సాక్స్ కత్తిరించి తొడుక్కుంటే సరిపోతుంది.

"రెండు వేళ్లతో తడితే వెనక్కి పోవడం లేదు"

ప్రొక్రియేట్‌లో, ఐబిస్ పెయింట్‌లో రెండు వేళ్లతో తడితే ఒక గీత వెనక్కి, మూడు వేళ్లతో తడితే ముందుకు. క్రిటాలో ఇవి కాన్వాస్ ఇన్‌పుట్ సెట్టింగ్స్ లోపల టచ్ జెస్చర్స్ కింద ఉంటాయి. మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. తట్టడం అంటే నిజంగా తట్టి తీసేయాలి. వేళ్లు కాస్త ఆగినా, కాస్త జరిగినా యాప్ దాన్ని జూమ్ అనుకుంటుంది. మూడు వేళ్లది పనిచేయకుండా స్క్రీన్‌షాట్ పడుతుంటే, తప్పు యాప్‌ది కాదు. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో మూడు వేళ్లు కిందికి లాగితే స్క్రీన్‌షాట్ వచ్చేలా పెట్టి ఉంటుంది. ట్యాబ్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపండి.

"షిఫ్ట్ లేకుండా తిన్నటి గీత, నిండు వృత్తం ఎలా?"

ప్రొక్రియేట్‌లో గీసి పెన్ను ఎత్తకుండా ఆగితే గీత తిన్నగా అవుతుంది. వంకర వృత్తం కోడిగుడ్డు ఆకారంగా సర్దుకున్నాక రెండో చేతి వేలు తెరమీద ఆనిస్తే నిండు వృత్తమవుతుంది. క్రిటాలో లైన్ టూల్ వాడండి. వృత్తానికి ఎలిప్స్ టూల్ తీసుకుని, టూల్ ఆప్షన్లలో నిష్పత్తిని ఒకటికి పెట్టి తాళం వేయండి. సెలెక్షన్‌కు ఇంకో ముక్క కలపడానికి, తీసేయడానికి కూడా షిఫ్ట్, ఆల్ట్ అక్కర్లేదు, టూల్ ఆప్షన్లలోనే బటన్లు ఉన్నాయి. క్లిప్ స్టూడియోలో అయితే ఎడ్జ్ కీబోర్డ్ అని ఉంది. తెర అంచు నుంచి వేలితో లోపలికి లాగితే షిఫ్ట్, కంట్రోల్ వంటి కీలు వచ్చి నిలబడతాయి.

ఫొటోలోంచి రంగు ఎత్తుకోవాలంటే ప్రొక్రియేట్, ఐబిస్‌లలో వేలు నొక్కి పట్టుకోవడమే. క్రిటాలో పైపెట్ (రంగు ఎత్తే గొట్టం) గుర్తు తట్టండి.

"తెలుగు రాస్తే ఒత్తులు విడిపోతున్నాయి"

దీనికి రెండు కారణాలుంటాయి, రెంటినీ కలిపేసుకుంటే పరిష్కారం దొరకదు. అక్షరాల బదులు పిచ్చి గుర్తులో ఇంగ్లిష్ అక్షరాలో వస్తే ఫాంటు తేడా. డీటీపీ సెంటర్లలో వాడే పాత అనూ ఫాంట్లు యూనికోడ్‌వి (ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే ఉమ్మడి అక్షరాల పద్ధతివి) కావు, ట్యాబ్‌లో టైప్ చేసిన తెలుగు వాటికి అర్థం కాదు. మండలి, రామభద్ర, పెద్దన, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, అవి ఎక్కించుకోండి. అక్షరాలు తెలుగే అయినా ఒత్తు కిందికి రాకుండా పక్కన పొల్లుతో నిలబడితే, ఆ యాప్‌కు తెలుగు అక్షరాలను కూర్చడం రాదని అర్థం. క్రిటాలో 2023లో వచ్చిన 5.2 నుంచి అక్షరాల అమరికను కొత్తగా రాశారు, పాతది వాడుతుంటే అప్‌డేట్ చేయండి. అప్పటికీ కుదరకపోతే తెలుగు సరిగ్గా వచ్చే వేరే యాప్‌లో రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా (ఒక రకం బొమ్మ ఫైలుగా) తెచ్చి అతికించండి.

"గీత ఆలస్యంగా వస్తోంది, ట్యాబ్ కాలిపోతోంది"

లెక్క వేద్దాం. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఏ4 కాన్వాస్ అంటే 2480 బై 3508 పిక్సెళ్లు, దాదాపు 87 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు చొప్పున నిండుగా ఉన్న ఒక్క లేయర్ 35 ఎంబీ దాకా తింటుంది. 20 లేయర్లయితే 700 ఎంబీ. 16 బిట్ రంగు ఎంచుకుంటే దానికి రెట్టింపు. 4 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్‌లో సిస్టమ్ వాడుకోగా మిగిలేదానికి ఇది చాలా బరువు. 8 బిట్‌లో ఉండండి, పూర్తయిన లేయర్లను కలపండి. అంచు డిజైన్‌కు మొత్తం చీర పొడవు కాన్వాస్ అక్కర్లేదు, ఒక్క రిపీట్ (మళ్లీ మళ్లీ వచ్చే ముక్క) చాలు.

ఎండాకాలం 40 డిగ్రీలు దాటాక ట్యాబ్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, తెర వెలుగు కూడా తగ్గిస్తుంది. ఛార్జింగ్ పెట్టి గీయకండి, వెనక కవర్ తీసేయండి, పరుపు మీద పెట్టకండి. ఫ్యాన్ గాలి తగిలే బల్ల మీద పెడితే తేడా మీకే తెలుస్తుంది.

"వాట్సాప్ చూసి వచ్చేసరికి బొమ్మ పోయింది"

కీబోర్డ్ ఉన్నవాళ్ల ఎడమ చెయ్యి తెలియకుండానే కంట్రోల్ ఎస్ నొక్కుతూ ఉంటుంది. ట్యాబ్‌లో ఆ అలవాటు పోతుంది. ర్యామ్ తక్కువైతే ఆండ్రాయిడ్ వెనకనున్న యాప్‌ను మూసేస్తుంది. ప్రొక్రియేట్, ఐబిస్ తమంతట తాము భద్రం చేస్తాయి. క్రిటాలో ఆటోసేవ్ ఉన్నా, ఒక ఆటోసేవ్ తర్వాత ఇంకోటి జరిగేలోపు గీసినది పోతుంది. కాబట్టి కొత్త కాన్వాస్ తెరవగానే, ఒక్క గీత గీయకముందే, పేరు పెట్టి సేవ్ చేయండి. సేవ్ గుర్తు టూల్‌బార్‌లో చేతికి అందే చోట ఉంచుకోండి. ఒక దశ పూర్తయినప్పుడల్లా ఫైల్ మెనూలో సేవ్ ఇంక్రిమెంటల్ వెర్షన్ తట్టండి, పాతది పాతగానే ఉండి కొత్తది పక్కన చేరుతుంది.

యాప్ తీసేయొద్దని ముందు చెప్పింది ఇందుకే. ప్రొక్రియేట్ గ్యాలరీలోని బొమ్మలు యాప్ లోపలే ఉంటాయి, యాప్ తీసేస్తే వాటితోపాటే పోతాయి. ఏ యాప్ అయినా తీసే ముందు అన్నిటినీ బయటికి ఎగుమతి చేసి, పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టుకోండి.

"పంపిన డిజైన్ మసకగా చేరింది"

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది. పీఎన్‌జీగా ఎగుమతి చేసి, పిన్ను గుర్తు తట్టి, డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు మీరు గీసినంత స్పష్టంగానే అవతలివాళ్లకు చేరుతుంది.